నోట్స్‌కు ట్యాగులు, ట్యాగులకు సమీక్ష

ఫోనులోనో కంప్యూటర్‌లోనో నోట్స్ రాసుకునే అలవాటున్న వారికి రెండు మూడేళ్లు గడిచేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. రాసుకున్నామని గుర్తుంటుంది, ఎక్కడ రాసుకున్నామో గుర్తుండదు. సెర్చ్ పెట్టెలో నాలుగు రకాల మాటలు కొట్టి చూసి, దొరక్క, అదే సంగతిని మళ్లీ మొదటినుంచి తెలుసుకుని మరో కొత్త నోట్ రాసుకుంటాము. దీనికి అందరూ చెప్పే మందు ట్యాగులు, అంటే మళ్లీ వెతుక్కోవడానికి వీలుగా నోట్‌కు తగిలించే చిన్న గుర్తు మాటలు. నేనూ ఒకప్పుడు ఉత్సాహంగా మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి ఒక్కో నోట్‌కు ఒక్కో ట్యాగ్ ఉన్న పొడవాటి జాబితా పోగేసుకుని, ఆ జాబితాలో వెతకడం కన్నా నోట్స్‌లో వెతకడమే సులభమని తేల్చుకుని వదిలేశాను. తరువాత ఆలోచిస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. రాసేటప్పుడు తోచిన మాటలను ట్యాగులుగా పెట్టానే తప్ప, వెతికేటప్పుడు ఏ మాటతో వెతుకుతానో ఒక్కసారైనా సరిచూసుకోలేదు. అలా సరిచూసుకోవడానికే సమీక్ష అవసరం. అందుకే ట్యాగులు పెట్టే పద్ధతినీ సమీక్ష చేసే పద్ధతినీ ఇక్కడ కలిపి వివరిస్తున్నాను.

ఫోల్డర్ చాలని చోట

ఫోల్డర్ అలమరలోని అర వంటిది. ఒక నోట్ ఒక అరలోనే ఉండగలదు. అమ్మ మోకాలి నొప్పికి వైద్యుడు చెప్పిన వ్యాయామాలను రాసుకున్న నోట్ ఆరోగ్యం అరలో ఉండాలా, కుటుంబం అరలో ఉండాలా, రోజూ చేయవలసిన పనుల అరలో ఉండాలా అంటే, మూడింటికీ చెందినదే కాబట్టి దేనిలో పెట్టినా మిగిలిన రెండు చోట్లా వెతికినప్పుడు కనిపించదు. గ్రంథాలయాలు ఈ ఇబ్బందిని మనకన్నా చాలా ముందే చూశాయి. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రచురించిన దశాంశ వర్గీకరణ ప్రతి పుస్తకానికీ ముందే గీసిపెట్టిన చెట్టులో ఒక కొమ్మను చూపించింది. 1933లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రచురించిన కోలన్ వర్గీకరణ మరో దారి పట్టి, పుస్తకంలోని విషయాన్ని దాని ముఖ్యాంశం, పదార్థం, క్రియ, స్థలం, కాలం అనే ముఖాలుగా విడదీసి, ఆ ముఖాలను కూర్చి పుస్తకానికి సంఖ్య కట్టింది. ఒక నోట్‌కు మూడు ట్యాగులు తగిలించే ప్రతివారూ తెలిసో తెలియకో ఈ రెండో దారిలోనే నడుస్తున్నారు.

అంతమాత్రాన ఫోల్డర్లను పూర్తిగా తీసేయవలసిన పని లేదు. ఉద్యోగం, సొంత పనులు, పాతవి అని మూడు నాలుగు పెద్ద అరలు ఉంచుకుని, వాటి లోపల చిన్న అరలు కట్టడం మాత్రం మానుకుంటే సరిపోతుంది. ఆ చిన్న అరలు చేయవలసిన పనిని ట్యాగులకు అప్పగించాలి.

తెలుగులో సెర్చ్ ఎందుకు తప్పుతుంది

సెర్చ్ ఇంత వేగంగా పనిచేస్తున్నప్పుడు ట్యాగులు ఎందుకని అడిగేవారున్నారు. ఇంగ్లీషులో మాత్రమే నోట్స్ రాసుకునేవారి విషయంలో ఆ వాదనలో కొంత బలం ఉంది. తెలుగులో రాసుకునేవారికి అది అంతగా వర్తించదు, ఎందుకంటే మన మాటలు వాక్యంలోకి రాగానే రూపం మార్చుకుంటాయి. మీరు “ఇల్లు” అని వెతికితే “ఇంటి మరమ్మతు”, “ఇళ్ల అద్దెలు” అని రాసుకున్న నోట్స్ రావు, ఆ మూడు రూపాలకూ ఉమ్మడిగా ఉన్నది మొదటి అక్షరం ఒక్కటే. “పుస్తకం” అని వెతికితే “పుస్తకాలు”, “పుస్తకాన్ని” తప్పిపోతాయి. చివరి సున్నాను వదిలి “పుస్తక” వరకే కొడితే చాలా యాప్‌లలో అన్నీ వస్తాయి, ఈ చిట్కా గుర్తుంచుకోదగినది. “పన్ను” అని కొడితే ఆదాయంపై కట్టే పన్నుతో పాటు పీకించుకున్న పన్ను కూడా వచ్చి ఎదుట నిలుస్తుంది. దీనికి తోడు మనలో చాలామంది ఒక రోజు “ఆరోగ్యం” అనీ, మరో రోజు “హెల్త్” అనీ, తొందరలో ఉన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాలతోనూ రాస్తారు. యంత్రానికి ఇవన్నీ సంబంధం లేని వేర్వేరు మాటలు. వీటన్నిటి మీదా మారని ఒకే గుర్తును పెట్టడమే ట్యాగ్ చేసే ఉపకారం, కాబట్టి తెలుగు నోట్స్‌లో అది అలంకారం స్థాయిని దాటి అవసరమైపోతుంది.

ట్యాగును ఎలా ఎంచుకోవాలి

ట్యాగుల పట్టికను ముందే తయారు చేసుకుని కూర్చోవద్దు. ఖాళీ కాగితం మీద జీవితాన్ని విభజించుకుంటే అందంగానే ఉంటుంది కానీ, మన నోట్స్ ఆ విభజనకు లొంగవు. దానికి బదులు ఇటీవల రాసిన 30 నోట్స్ తెరిచి, ఒక్కొక్కదాని ముందు ఆగి, “నాకు ఇది మళ్లీ కావలసి వస్తే, అప్పుడు నేను ఏ పనిలో ఉంటాను?” అని ప్రశ్నించుకోవాలి. ఈ నోట్ దేని గురించి అన్న ప్రశ్నకన్నా ఇది చాలా పదునైనది. ఉదాహరణకు, వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ చెప్పిన జాగ్రత్తలను రాసుకున్నారనుకుందాం. దేని గురించి అంటే “యంత్రాలు” అని తోస్తుంది. ఎప్పుడు కావాలి అంటే అది మళ్లీ మొరాయించినప్పుడు కావాలి, అప్పుడు మీ మనసులో ఉండే మాట “రిపేరు”. రెండో మాటే ట్యాగ్ కావాలి. మొదటి మాట ఎటూ నోట్ లోపల ఉండే ఉంటుంది.

ఇలా 30 నోట్స్ దాటేసరికి పది పదిహేను మాటలు తేలుతాయి. వాటిని పరిశీలిస్తే సాధారణంగా మూడు జాతులు కనిపిస్తాయి. మొదటిది విషయం: ఆరోగ్యం, పన్నులు, తోట, భాష. రెండవది నోట్ రకం: అది సమావేశంలో రాసుకున్నదా, చదివిన పుస్తకం నుంచి ఎత్తి రాసిందా, సొంతంగా తోచిన ఆలోచనా, పని చేసే విధానమా. మూడవది స్థితి: ఇంకా పూర్తి చేయవలసి ఉందా, ఎవరి జవాబు కోసమైనా ఆగి ఉందా, పని ముగిసిందా. ఒక్కో జాతి నుంచి ఒక్కో ట్యాగ్, మొత్తం మీద రెండు మూడు, ఎంత ఎక్కువైనా నాలుగు దాటకుండా ఉంటే చాలు. విషయం, రకం కలిసినప్పుడే ట్యాగుల అసలు బలం తెలుస్తుంది. “తోట” ఒక్కటే అడిగితే వంద వస్తాయి, “తోట”, “విధానం” కలిపి అడిగితే మట్టి కలిపే పద్ధతి చెప్పే మూడు నోట్స్ మాత్రం వస్తాయి.

ఈ మూడు జాతులలో స్థితి ట్యాగులు మిగిలిన వాటి వంటివి కావు. విషయమూ రకమూ నోట్‌తో పాటు శాశ్వతంగా ఉంటాయి. స్థితి మారుతూ ఉంటుంది, మార్చకపోతే అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఆరు నెలల కిందట ముగిసిన పని మీద ఇంకా “చేయాలి” అని కనిపించిన రోజు నుంచి మీరు ఆ ట్యాగును నమ్మడం మానేస్తారు. అందుకని స్థితి ట్యాగులు మూడుకు మించి పెట్టుకోవద్దు. వారానికోసారి వాటిని చూసే ఓపిక లేకపోతే అసలే పెట్టుకోవద్దు. తేదీల ట్యాగులు కూడా అనవసరం, ఎందుకంటే నోట్ ఎప్పుడు పుట్టిందో ఎప్పుడు మారిందో యాప్ తానే రాసుకుంటుంది.

ట్యాగుల సంఖ్య గురించి ఒక మాట. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927–1998) దశాబ్దాల పాటు చెక్క పెట్టెలలో సుమారు 90,000 చీటీలు పోగుచేశారు. అంత పెద్ద సంపదకు ఆయన రాసుకున్న పదసూచికలో ఒక మాట ఎదురుగా, దానికి సంబంధించిన చీటీలన్నిటి సంఖ్యలూ ఉండేవి కావు. లోపలికి వెళ్లడానికి దారి చూపే కొద్దిపాటి చీటీల సంఖ్యలే ఉండేవి. అక్కడి నుంచి ఒక చీటీ మరో చీటీని చూపిస్తూ పోయేది. మన యాప్‌లలో నోట్ నుంచి నోట్‌కు లంకె వేసే సౌకర్యం ఉంటే ఇదే పద్ధతి పాటించవచ్చు: ట్యాగ్ గుమ్మం వరకు తీసుకువెళ్లాలి, లోపలి గదులకు దారి లంకెలు చూపాలి. ప్రతి గదికీ ఒక గుమ్మం తెరవనక్కరలేదు.

పేర్ల దగ్గర పట్టింపు

ఇక్కడ కొంత చాదస్తం ఉండాలి. “పుస్తకం”, “పుస్తకాలు” అని రెండు ట్యాగులు పుడితే సగం నోట్స్ ఒకదానిలో, సగం మరోదానిలో పడతాయి. ఏకవచనమో బహువచనమో ఒకటి నిర్ణయించుకుని దానికే కట్టుబడాలి. వస్తువుల పేర్లకు బహువచనం, భావాలకు ఏకవచనం అన్నది నేను పాటించే నియమం. తరువాత వర్ణక్రమం చూడాలి. “ఆర్థికం”, “ఆర్ధికం” అని రెండు రకాలుగానూ రాసేవారున్నారు; “నీళ్లు”, “నీళ్ళు” రెండూ వాడుకలో ఉన్నాయి. మనిషి కంటికి ఇవి ఒకటే, యంత్రానికి కావు.

వీటన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కంటికే కనిపించదు. “సాఫ్ట్‌వేర్” వంటి మాటలో పొల్లు హల్లు తరువాత వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఉండేందుకు, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉంది. దానికి వెడల్పు లేదు, రూపమూ లేదు. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దానిని తమంతట తాము చేర్చుతాయి. అప్పుడు ఫోనులో టైపు చేసిన “నోట్” అనే ట్యాగూ, కంప్యూటర్‌లో టైపు చేసిన “నోట్” అనే ట్యాగూ చూడడానికి ఒకేలా ఉండి, జాబితాలో మాత్రం రెండు వరుసలలో కూర్చుంటాయి. ఏది తప్పో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. పొల్లుతో ముగిసే మాటలను వదిలి అచ్చుతో గానీ సున్నాతో గానీ ముగిసే మాటలను ఎంచుకోవడం ఒకటి: “రిపేర్” బదులు “రిపేరు”, “ట్రావెల్” బదులు “ప్రయాణం”. ట్యాగును ఎప్పుడూ పూర్తిగా టైపు చేయకుండా, రెండు మూడు అక్షరాలు కొట్టగానే యాప్ చూపించే జాబితా నుంచి ఎంచుకోవడం రెండవది. రెండో అలవాటు చేసుకుంటే వర్ణక్రమం గొడవ కూడా చాలావరకు తీరిపోతుంది.

ట్యాగుల జాబితా అనే పేరుతో ఒక నోట్ తెరిచి, ప్రతి ట్యాగ్ ఎదురుగా అది దేనికో ఒక వాక్యం రాసిపెట్టుకోవడం మంచిది. “ఆలోచన: నాకు నేనుగా తోచినది, మరెక్కడి నుంచీ ఎత్తి రాయనిది” అని రాసి ఉంటే, ఆరు నెలల తరువాత సందేహం వచ్చినప్పుడు తడుముకోనక్కరలేదు. కొత్త ట్యాగ్ పుట్టాలంటే ముందు ఈ జాబితాలోకి రావాలన్న నియమం పెట్టుకుంటే ఆ చిన్న శ్రమే సగం కొత్త ట్యాగులను ఆపేస్తుంది.

యాప్‌ల తేడాలు

మొదలుపెట్టే ముందు మీ యాప్ ట్యాగును ఎలా అర్థం చేసుకుంటుందో ఒక ప్రయోగపు నోట్‌తో చూసుకోవాలి. ఆబ్సిడియన్ అనే యాప్‌లో ట్యాగ్ పేరు మధ్య ఖాళీ ఉండకూడదు, అంకెలతోనే నిండిన పేరును అది ట్యాగుగా గుర్తించదు, వాలుగీతతో ట్యాగ్ కింద ట్యాగ్ పెట్టుకోవచ్చు. యాపిల్ నోట్స్‌లో ట్యాగులు 2021లో ఐఓఎస్ 15తో వచ్చాయి. ట్యాగుల ఆధారంగా నోట్స్‌ను తానే పోగుచేసే స్మార్ట్ ఫోల్డర్లు కూడా అందులో ఉన్నాయి. గూగుల్ కీప్ వీటినే లేబుల్ అంటుంది. వన్‌నోట్‌లో ట్యాగ్ అన్నది నోట్ మొత్తానికి కాక అందులోని ఒక పేరాకు పెట్టే గుర్తు, కాబట్టి ఇక్కడ చెప్పిన పద్ధతి దానికి నేరుగా సరిపడదు. హ్యాష్ గుర్తు పెట్టి రాసే యాప్‌లలో తెలుగు మాట మొత్తం రంగు మారిందో, గుణింతం దగ్గరో కంటికి కనిపించని అక్షరం దగ్గరో తెగిపోయిందో గమనించండి.

పాత నోట్స్ సంగతి

వేల కొద్దీ ఉన్న పాత నోట్స్ అన్నిటికీ ఒక ఆదివారం కూర్చుని ట్యాగులు పెట్టేద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు. అందులో అధిక భాగం మళ్లీ ఎప్పటికీ తెరవనివే. వాటిని పాతవి అనే ఫోల్డర్‌లోకి నెట్టి, ఏదైనా అవసరం పడి వెతికి తీసినప్పుడు, ఆ వెతికిన మాటనే దానికి ట్యాగుగా పెట్టి ముందుకు తెచ్చుకోవాలి. ఏ మాటతో వెతికారో అప్పుడే రుజువైంది కాబట్టి ఇంతకన్నా సరైన ట్యాగ్ దొరకదు.

సమీక్ష: రోజూ, వారానికోసారి, మూడు నెలలకోసారి

రోజువారీ పని చాలా చిన్నది. రాసేటప్పుడు ట్యాగుల గురించి ఆలోచించనక్కరలేదు. రాసిందంతా ఒక ఇన్‌బాక్స్‌లో, అంటే ఇంకా సర్దని నోట్స్ చేరే ఒకే ఫోల్డర్‌లో పడనివ్వాలి. రాత్రి ఐదు నిమిషాలు దాన్ని తెరిచి, అక్కరలేనివి తీసేసి, మిగిలిన వాటికి శీర్షిక సరిచేసి ట్యాగులు పెట్టాలి. రాసిన క్షణానికీ ట్యాగ్ పెట్టే క్షణానికీ కొన్ని గంటల ఎడం ఉండడం వల్ల మేలే జరుగుతుంది, అప్పటికి మీరు కొంతవరకు ఆ నోట్‌ను బయటివారిగా చదవగలుగుతారు. “చూడాలి”, “ముఖ్యం” వంటి శీర్షికలు అప్పుడు ఎంత అర్థరహితమో తెలుస్తుంది.

వారపు సమీక్ష అసలైనది. దానికి అరగంట కేటాయించాలి. ముందుగా స్థితి ట్యాగులు తెరవాలి. “చేయాలి” అని ఉన్న ప్రతి నోట్‌నూ చూసి, అయిపోతే ట్యాగ్ తీసేయాలి, మూడు వారాలుగా కదలనిదైతే చేసే ఉద్దేశం నిజంగా ఉందా అని అడిగి తేల్చేయాలి. “ఆగి ఉంది” అన్నవాటిలో ఎవరికి గుర్తు చేయాలో చూసుకోవాలి. తరువాత ఆ వారం రాసిన నోట్స్‌ను వరుసగా ఒక్కసారి చదవాలి. ఇక్కడ తొందరపడకూడదు. సోమవారం సమావేశంలో రాసుకున్నదీ గురువారం పుస్తకంలో చదివి రాసుకున్నదీ ఒకే సమస్య గురించని పక్కపక్కన చదివినప్పుడే తెలుస్తుంది, ఆ రెంటికీ లంకె వేయడానికి అదే సమయం. చివరగా ఆ వారంలో ఏదైనా వెతికి దొరక్క ఇబ్బంది పడ్డారేమో గుర్తు చేసుకోవాలి. ఇందుకోసం “దొరకనివి” అని ఒక నోట్ ఉంచుకుని, వెతికి విఫలమైన ప్రతిసారీ ఏ మాటతో వెతికారో అందులో ఒక వరుస రాసుకోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఆ వరుసలే రేపటి ట్యాగులు. ఒకే మాట రెండుసార్లు కనిపించిందంటే, మీ పట్టికలో ఉన్న మాట తప్పు, అక్కడ రాసిన మాట ఒప్పు.

మూడు నెలలకోసారి ట్యాగుల జాబితాను మాత్రమే తెరిచి చూడాలి. ఒకటి రెండు నోట్స్‌కే ఉన్న ట్యాగులను దగ్గరి ట్యాగులో కలిపేయాలి. వందలాది నోట్స్ చేరిన ట్యాగ్ ఇక దేన్నీ వేరు చేయలేదు కాబట్టి దాన్ని విడగొట్టాలి, లేదా రద్దు చేయాలి. పేర్లు మార్చే ముందు బ్యాకప్ తీసుకోవడం మరవవద్దు. కొన్ని యాప్‌లలో పేరు మార్చితే అన్ని నోట్స్‌లోనూ ఒకేసారి మారుతుంది, మరికొన్నిటిలో ఒక్కొక్క నోట్ తెరిచి మార్చుకోవలసి ఉంటుంది.

గుర్తుండవలసిన వాటి సమీక్ష వేరు

ఇప్పటిదాకా చెప్పిన సమీక్ష నోట్స్ దొరకడానికి సంబంధించినది. పరీక్షకు చదివేవారికీ భాష నేర్చుకునేవారికీ నోట్ దొరికితే చాలదు, అందులోనిది తలలో ఉండాలి. 1885లో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, తానే మరిచిపోతూ కొలిచి, మరుపు మొదటి గంటల్లో చాలా వేగంగానూ తరువాత నెమ్మదిగానూ సాగుతుందని చూపించారు. అందుకే మళ్లీ చూసే గడువులు మొదట దగ్గరగా, పోనుపోను దూరంగా ఉండాలి. 1987లో పియోటర్ వోజ్నియాక్ రూపొందించిన పద్ధతిలో మొదటి గడువు 1 రోజు, రెండవది 6 రోజులు, ఆపైన జ్ఞాపకం ఉన్న తీరును బట్టి గడువు హెచ్చుతూ పోతుంది. ప్రశ్నలను ఇటువంటి గడువుల ప్రకారం మళ్లీ మళ్లీ చూపించే అంకీ వంటి ప్రోగ్రాములు ఈ దారిలోనే వచ్చాయి. మీరు చేయవలసిందల్లా అటువంటి నోట్స్‌కు “కంఠస్థం” అని ట్యాగ్ పెట్టి, వారపు సమీక్షలో వాటిని ప్రశ్న, జవాబు రూపంలోకి మార్చి ఆ ప్రోగ్రాములోకి పంపడమే. అన్ని నోట్స్‌కూ ఈ పద్ధతి పెట్టుకుంటే రోజుకు వంద ప్రశ్నలు మీద పడి, పది రోజుల్లో మొత్తం వ్యవస్థనే వదిలేస్తారు.

అలవాటుగా మారేదాకా

అలవాట్ల మీద పరిశోధన చేసిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2010లో ముద్రించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థాయికి చేరడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యస్థ విలువ 66 రోజులు. అధ్యయనమే 84 రోజులు కాబట్టి 254 అన్నది గణితంతో ముందుకు పొడిగించిన అంచనా అని గమనించాలి. మనకు పనికొచ్చే అంశాలు ఇందులో రెండున్నాయి. ఒకటి, మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. రెండు, వారు చూసినవి రోజూ చేసే పనులు. వారానికి ఒక్కసారి వచ్చే పని ఏడాది మొత్తానికి 52 సార్లే వస్తుంది, కాబట్టి వారపు సమీక్ష తనంత తానుగా అలవాటు కావడం చాలా ఆలస్యమవుతుంది.

దీన్నిబట్టి నేను చెప్పే క్రమం ఇది. మొదటి రెండు నెలలు రాత్రిపూట ఐదు నిమిషాల పనినే పట్టుకోండి, దాన్ని ఇప్పటికే తప్పక చేసే ఒక పనికి ముడివేయండి: ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టే ముందు ఇన్‌బాక్స్ ఖాళీ చేయడం వంటిది. వారపు సమీక్షను అలవాటు మీద వదలకుండా, క్యాలెండర్‌లో గంటతో సహా రాసి, అలారం పెట్టి, ఎవరినో కలవవలసిన పని లాగా పాటించండి. అందులో చేసే పనులను కూడా ఒక నోట్‌లో వరుసగా రాసి ఉంచుకుంటే, అలసిపోయిన రోజున ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించే భారం ఉండదు.

అయినా ఎప్పుడో ఒకసారి నెలా రెండు నెలలు తప్పిపోతుంది. ప్రయాణాలు, అనారోగ్యం, పని ఒత్తిడి ఎవరికైనా ఉంటాయి. తిరిగి వచ్చేసరికి ఇన్‌బాక్స్‌లో రెండు వందల నోట్స్ పేరుకుని ఉంటాయి, వాటిని మొదటినుంచి సర్దుకురావాలని కూర్చుంటే మళ్లీ ఆగిపోతారు. గత 14 రోజులవి మాత్రం తీసి సర్దండి. అంతకు ముందువన్నీ ఒకేసారి ఎంచి, “సర్దనివి” అని ఒక్క ట్యాగ్ తగిలించి, పాతవి ఫోల్డర్‌లోకి పంపించి, అదే రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టే ముందు ఆ రోజు రాసిన వాటితో మొదలుపెట్టండి.